మూడో కమాను

క్లెమెంటి, సింగపూర్
12 మార్చి 2000

భీమారావు మావయ్యకు,

నీకు ఈమెయిల్ నేర్పించడం ఈ జన్మలో అయ్యే పని కాదని తేలిపోయింది కనుక కాగితం, పెన్ను పట్టాను. కోడి కెలికినట్టుందని అత్తయ్యకి చూపించి నవ్వకు.

నేను బాగున్నాను. నందిత అనే హైదరాబాద్ అమ్మాయీ నేనూ కలిసి ఒక ఫ్లాట్‌లో గది అద్దెకి తీసుకున్నాం. ఇంటివాళ్ళు చైనా వాళ్ళు. మేం పోపు వేస్తే కిటికీలన్నీ తెరుస్తారు గాని ఒక్క మాట అనరు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ కూలబడతాయని మమ్మల్ని ఇక్కడికి తెచ్చారు కదా, ఒక్కటీ కూలబడలేదు. ఇక ఇంటికి పంపేస్తారనుకుంటే, ఇప్పుడు ప్రతివాడికీ వెబ్ పేజీ కావాలట. పని రెట్టింపయింది.

పోయిన ఆదివారం నది ఒడ్డున నడుస్తుంటే, పెద్ద పచ్చిక మైదానం ఎదురుగా ఒక పాత భవనం కనిపించింది. ఎత్తయిన స్తంభాల వరస, పైన ఆకుపచ్చ గుమ్మటం, స్తంభాల మీది త్రికోణంలో బొమ్మలు, వాటి మధ్య న్యాయదేవత. అది ఇక్కడి పెద్ద కోర్టు. చూడగానే మన ఊరి కోర్టు, నువ్వూ గుర్తొచ్చారు. ఎర్ర పట్టీ, ఇత్తడి బిళ్ల పెట్టుకుని వరండాలో నిలబడి నువ్వు పేర్లు పిలుస్తుంటే, బడి ఎగ్గొట్టి వచ్చి గేటు దగ్గర నక్కి వినేదాన్ని. నువ్వు రిటైరై పద్నాలుగేళ్ళయినా కోర్టు అంటే నాకు నీ గొంతే.

అత్తయ్య మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

నీ మేనకోడలు
సరయు


2 ఏప్రిల్ 2000

చిరంజీవి సరయుకు మావయ్య ఆశీస్సులు.

జాబు చేరింది. చేతిరాత మా గుమస్తాలకంటే నయమే. మీ అత్తయ్య రాములమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, నోరు కూడా అలాగే ఉంది.

నీ కంప్యూటర్లు కూలలేదు గాని ఇక్కడ మన కోర్టు కూలబోతోంది. నాలుగంతస్తుల కొత్త కట్టడం మంజూరైంది. ఉత్తరం వైపు గోడ బీటలు వారిందని ఇంజనీర్లు రాసిచ్చారు. రెండు మూరల మందం గోడ, గానుగ సున్నం, టేకు దూలాలు. అలాంటిది మళ్ళీ ఎవరూ కట్టలేరులే. తూర్పు వరండాకి ఏడు కమానులు ఉంటాయి, నీకు గుర్తుందా? మా పిలుపు చోటు మూడో కమాను కింద. అక్కడ నిలబడి పిలిస్తే గొంతు పైకప్పు వంపుకి తగిలి గేటు దాటి టీ కొట్టు దాకా పోతుంది. రెండడుగులు పక్కకి జరిగితే పక్క గదిలో ప్లీడరుకి కూడా వినబడదు. గొంతు మోగడానికి కప్పులో కుండలు బోర్లించి కట్టారని, నాకు ముందు అక్కడ పేర్లు పిలిచిన డఫేదారు చెప్పేవాడు. నిజమో కాదో విప్పి చూసినవాడు లేడు. తరాల తరబడి డఫేదార్లు నిలబడిన చోట రాతి పలకలో రెండు పాదాల గుంటలున్నాయి. వాటిలో కాళ్ళు పెట్టి నిలబడితే చాలు.

ఆ ఊళ్ళో కోర్టులో ఎక్కణ్ణుంచి పిలుస్తారు? మూడుసార్లు పిలుస్తారా? ఊరికే అడుగుతున్నాను.

భీమారావు


క్లెమెంటి
14 మే 2000

మావయ్యా,

నీ ప్రశ్న కోసం ఒక రోజు సెలవు పెట్టాను. బ్యాగు తనిఖీ చేసి లోపలికి పంపారు. చెక్క పలకల గోడలు, ఎత్తయిన కప్పు, మాట్లాడాలంటే మనకే భయమేసేంత నిశ్శబ్దం. పిలవడం ఏమీ లేదు. తలుపు బయట జాబితా అంటించి ఉంటుంది, ఎవరి టైముకి వాళ్ళొచ్చి కూర్చుంటారు. నీకు ఇక్కడ ఉద్యోగం దొరకదు.

మన కోర్టు పడగొడతారని చదివి నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. అంత అందమైన కట్టడాన్ని అలా వదిలేస్తామా? ఆఫీసులో వికాస్ అని కాకినాడ కుర్రాడు ఉన్నాడు. మేమిద్దరం కలిసి దాని కోసం ఒక వెబ్ పేజీ మొదలుపెట్టాం. పడగొట్టొద్దని సంతకాలు సేకరిస్తాం. నాకు కొలతలు కావాలి, ఫొటోలు కావాలి. నీ మనసులో ఏముందో నాకు తెలుసులే. నువ్వు నోరు తెరిచి అడగవు, నేనే చేసిపెడతాను.

సరయు


11 జూన్ 2000

చిరంజీవి సరయుకు,

నా మనసులో ఏముందో నీకు తెలిసినందుకు సంతోషం, నాకే సరిగా తెలియదు.

కొలతలు రాస్తున్నాను. వరండా పొడవు నూట నాలుగు అడుగులు, వెడల్పు పన్నెండు. కమాను ఎత్తు పద్నాలుగు. గేటు నుంచి మూడో కమానుకి నా అడుగులతో డెబ్భై. ఫొటోలు స్టూడియో రంగనాథ్ తీశాడు, కవర్లో పెట్టాను. ఒకదాన్లో నేనూ పడ్డాను, వద్దన్నా వినలేదు.

నీకు వీలైతే ఒక చిన్న పని. మన ఊరి బాలనాగమ్మ మొన్న కాలం చేసింది. ఆమె అన్న కృష్ణమూర్తి ఎప్పుడో యాభై రెండులో సింగపూర్ వెళ్ళిపోయాడు. అతని దగ్గర్నుంచి వాళ్ళింటికి వచ్చిన కవరు మీది అడ్రసు రాసుకొచ్చాను. బెడోక్ అనే చోట ఉంటాడు. డెబ్భై మూడేళ్ళుంటాయి. వెళ్ళి ఒకసారి చూసి రా. ఎలా ఉన్నాడు, పిల్లలున్నారా, సుఖంగా ఉన్నాడా, అంతే. నా పేరు ఎత్తనక్కర్లేదు. చెల్లెలు పోయినందుకు పలకరించడానికి వచ్చానని చెప్పు.

ఇది మర్చిపోకు. మిగతావి మర్చిపోయినా ఫర్వాలేదు.

భీమారావు


క్లెమెంటి
3 సెప్టెంబర్ 2000

మావయ్యా,

ముందు శుభవార్త. మన పేజీకి పదకొండు వందల సంతకాలు వచ్చాయి. మీ పేపర్లో కూడా పడిందటగా, అమ్మ ఫోన్లో చెప్పింది. బార్ అసోసియేషన్ వాళ్ళు నీకు శాలువా కప్పారట. నువ్వు మాత్రం నాకు ఒక్క ముక్క రాయలేదు. సిగ్గా?

పేజీలో నీ మీద నేను రాసిన మాట అందరికీ నచ్చింది: "ముప్పై అయిదేళ్ళలో మా మావయ్య పిలుపు వినబడని మనిషి లేడు."

ఇక నీ కృష్ణమూర్తిగారు. ఇన్నాళ్ళు ఆలస్యం చేసినందుకు తిట్టు, నిన్ననే వెళ్ళాను. పదో అంతస్తు ఫ్లాట్, గుమ్మానికి మామిడాకులు, లోపల ఆయనా, భార్య హైమావతిగారూ. ఇద్దరు కొడుకులు, ఒకాయన పోర్టులో, ఇంకొకాయన చోవా చూ కాంగ్‌లో బడి మాస్టారు. ఆవిడ తలుపు తీస్తూనే "మకాన్ అయిందా అమ్మాయీ?" అని అడిగింది. అంటే అన్నం తిన్నావా అని. మన గోదావరి యాస మధ్యలో మలయ్ మాటలు, అరవం మాటలు కలిపి ముచ్చటగా మాట్లాడుతుంది. ఆయన ఇక్కడ నది ఒడ్డున గోదాముల దగ్గర పడవల్లోంచి బస్తాలు దించేవాడట, ముప్పై ఏళ్ళు. అన్నం మూట విప్పితే ఎదురుగా ఆ కోర్టు గుమ్మటమే కనబడేదట.

నువ్వు వద్దన్నావు గాని, ఇంత మంచి పని చేసే మనిషి పేరు దాచడం ఏమిటని నీ సంగతి చెప్పేశాను. ఫొటోలు చూపించాను, పేజీలోది చదివి వినిపించాను, సంతకం అడిగాను. ఆయన నీ ఫొటో చాలాసేపు చూశాడు. తర్వాత అన్నాడు: "ఆ కోర్టు నన్ను పిలిచిందమ్మా, నేనే వినిపించుకోలేదు. దాని మీద నాకు కోపం లేదు. సంతకం మాత్రం పెట్టలేను."

హైమావతిగారు వంటింట్లోంచి, "టీ తాగడానికి పోయి పడవ పోగొట్టుకున్న మనిషి, సంతకం ఏం పెడతాడు" అంది. వాళ్ళ మధ్య అదేదో పాత వేళాకోళంలా ఉంది. నాకు టీ ఇచ్చారు, ఆయన మాత్రం వేడినీళ్ళు తాగాడు. జన్మలో టీ ముట్టడట. మొత్తానికి కొంచెం మొండి మనిషి. మళ్ళీ వెళ్ళి ఒప్పిస్తాలే.

సరయు


24 సెప్టెంబర్ 2000

సరయూ,

మళ్ళీ వెళ్ళకు. ముందు ఇది చదువు.

1951 ఆగస్టు. నేను కొలువులో చేరి మూడు నెలలు. కృష్ణమూర్తికి కాలవ మీద సరుకు పడవ ఉండేది, ధాన్యం, ఉప్పు తోలేవాడు. పొత్తుదారు ఆ పడవ మొత్తం తనదేనని దావా వేశాడు. వాయిదా రోజు కుండపోత వాన. అదే రోజు పైనుంచి పెద్ద జడ్జిగారు తనిఖీకి వస్తున్నారు, నాకు కొత్త తెల్లకోటు ఇచ్చారు. మూడో కమాను కిందికి వెళితే జల్లు కొట్టి కోటు తడుస్తుంది. నేను హాలు గుమ్మంలోనే నిలబడి మూడుసార్లు పిలిచాను. పెంకుల మీద వాన చప్పుడు. అతను గేటు పక్క టీ కొట్టు పాకలో, పడవ కాగితాలు గుడ్డలో చుట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను పిలవడం మొదలుపెట్టక ముందే గుమ్మంలోంచి అతన్ని చూశాను. అది కూడా రాయాలి కనుక రాస్తున్నాను.

అతను రాలేదని రాసుకుని ఎక్స్‌పార్టీ చేశారు, అంటే అతని మాట వినకుండానే తీర్పు. పడవ పోయింది. పిలుపు వినబడలేదని అతను అర్జీ పెట్టుకున్నాడు. జడ్జిగారు నన్ను ప్రమాణం చేయించి, పిలిచావా అని అడిగారు. మూడుసార్లు పిలిచానని చెప్పాను. ఎక్కణ్ణుంచి అని ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. అర్జీ కొట్టేశారు. అయిదు నెలల్లో అతను ఊరు వదిలి వెళ్ళిపోయాడు.

ఆ రోజు తర్వాత పిడుగులు పడినా మూడో కమాను కిందే నిలబడ్డాను. మీరంతా మెచ్చుకునేది దాన్నే. నువ్వు రాసిన మాట పేపర్లో పడి, శాలువా కప్పి, మాట్లాడమని మైకు ముందు నిలబెట్టారు. గొంతు బాగాలేదని చెప్పి కూర్చున్నాను.

నాకు కోర్టు నిలవాలని లేదు, పడిపోవాలనీ లేదు. అతను నన్ను తిట్టుకుంటూ బతికి ఉంటాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను, అదే కొంచెం ఊరటగా ఉండేది. నువ్వు రాశాక తెలిసింది, తప్పు తన చెవులదే అనుకుంటున్నాడు. పెళ్ళాం యాభై ఏళ్ళుగా అదే అంటోంది. టీ మానేశాడు. ఇది నేను మోయలేకపోతున్నాను. నువ్వు వెళ్ళి నిజం చెప్పు, అమ్మాయీ.

భీమారావు


క్లెమెంటి
21 జనవరి 2001

మావయ్యా,

నాలుగు నెలలు రాయలేదు. కోపం వచ్చింది, దాచుకోను. నీ మీద వచ్చింది, ఆయన ముందు ఆ వాక్యం చదివినందుకు నా మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. ఆ వాక్యం పేజీలోంచి తీసేశాను.

నేను చెప్పను. నువ్వే చెప్పాలి. నేను చెబితే, మేనమామ మీద ప్రేమతోనో, పెద్దాయన మీద జాలితోనో చెబుతున్నానని హైమావతిగారు అనుకుంటారు. ఇన్నేళ్ళ తర్వాత మాటతో నమ్మే మనిషి కాదు ఆవిడ. ముందు ఆవిడ నమ్మాలి.

కోర్టు ఎప్పుడు పడగొడతారో తెలిస్తే రాయి. పద్నాలుగు వందల సంతకాలు పంపించాం. అందినట్టు కూడా జవాబు రాలేదు.

సరయు


25 మార్చి 2001

సరయూ,

నువ్వన్నది న్యాయం. మాటకి సాక్ష్యం కావాలి. ముప్పై అయిదేళ్ళు కోర్టులో నిలబడి ఆ మాత్రం నేర్చుకోకపోతే ఎలా? నాకు ఒక టేప్ రికార్డర్ పంపు, దూరపు చప్పుడు కూడా పట్టేది. ఎందుకో తర్వాత రాస్తాను.

వేసవి సెలవుల తర్వాత కచేరీ అంతా అద్దె ఇళ్ళలోకి మారుతుందట. వానాకాలం లోపే పడమటి వైపు పెంకులు దించుతారు. ఆలస్యం చెయ్యకు.

భీమారావు


23 సెప్టెంబర్ 2001

చిరంజీవి సరయుకు,

వికాస్ జూలైలోనే టేప్ రికార్డర్ తెచ్చి ఇచ్చాడు. ఉద్యోగం పోయి వస్తూ కూడా దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట. మంచి కుర్రాడు, వాడికి ఏదో ఒకటి దొరుకుతుంది.

నీకు ఒక క్యాసెట్ పంపుతున్నాను. ఇందులో ఏముందో ముందే రాస్తున్నాను, ఎందుకంటే మొదట విన్నప్పుడు పాడైందనుకుంటావు.

వాన కోసం ఆగాను. జూలై, ఆగస్టుల్లో వాన వచ్చిన రోజల్లా కూలీలు కోర్టు లోపలే తలదాచుకుని గోల చేసేవారు. రోజూ మిరియాల కషాయం తాగి గొంతు సిద్ధం చేసుకోవడం, ఆకాశం చూడటం, ఇదే పని. రాములమ్మ నాకు మతి పోయిందనుకుంది, తర్వాత చెబితే ఏమీ అనకుండా పెట్టెలోంచి తెల్లకోటు తీసి ఇస్త్రీ చేసింది. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆ నాటి వాన లాంటిదే పట్టుకుంది. కూలీలు లేరు. పడమటి గది అప్పటికే లేదు, తూర్పు వరండా మాత్రం నిలిచి ఉంది. కావలి వాడు నన్నెరుగును, లోపలికి వదిలాడు.

అప్పటి టీ కొట్టు మనిషి కొడుకు దానయ్య ఇప్పుడు అదే చోట కొట్టు నడుపుతున్నాడు. కృష్ణమూర్తి నిలబడిన చోటే మిషను పెట్టి, నేను చెయ్యి ఊపగానే మీట నొక్కమన్నాను. మొదట హాలు గుమ్మంలో నిలబడి, ఆ రోజు పిలిచినట్టే మూడుసార్లు పిలిచాను. తర్వాత మూడో కమాను కిందికి వెళ్ళి, గుంటల్లో కాళ్ళు పెట్టి, మళ్ళీ మూడుసార్లు పిలిచాను. కోటు తడిసి ముద్దయింది. ఆ తడవడమేదో అప్పుడే తడిస్తే సరిపోయేది.

చివర్లో నేను మిషను దగ్గరికి వచ్చి నాలుగు మాటలు చెప్పాను. నాకు జ్వరం తగిలింది గాని తగ్గుతోంది. సోమవారం నుంచి వరండా పని మొదలుపెట్టారు. నేను చూడటానికి వెళ్ళలేదు. కప్పులో నిజంగానే కుండలున్నాయని దానయ్య వచ్చి చెప్పాడు.

భీమారావు


క్లెమెంటి
14 అక్టోబర్ 2001

మావయ్యా,

నిన్న శనివారం బెడోక్ వెళ్ళాను. నందితని కూడా తీసుకెళదామనుకుని మానేశాను. నీ దగ్గర్నుంచి క్యాసెట్ వచ్చిందని మాత్రమే చెప్పాను. కృష్ణమూర్తిగారు లోపలికి వెళ్ళి చొక్కా మార్చుకుని వచ్చి కూర్చున్నారు. హైమావతిగారు బియ్యం ఏరుతూ ఒక పక్కన కూర్చుంది.

వాన చప్పుడు మొదలైంది. సైకిల్ గంట, ఎవరో దగ్గడం, గ్లాసులు కడగడం, మళ్ళీ వాన. రెండు నిమిషాలు అంతే. నువ్వు రాసి ఉండకపోతే నేను కట్టేసేదాన్ని. తర్వాత ఉన్నట్టుండి నీ గొంతు వచ్చింది. "ప్రతివాది అడపా కృష్ణమూర్తీ" అని, వానని చీల్చుకుని, పక్కనే నిలబడి పిలిచినంత గట్టిగా. కృష్ణమూర్తిగారు లేచి నిలబడ్డారు. మూడు పిలుపులూ అయ్యే దాకా అలాగే చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఆ తర్వాత నువ్వు చెప్పిన మాటలు: "మొదట వినబడని పిలుపు ఆ రోజు నేను పిలిచింది. రెండోది నేను పిలవవలసింది. మిషను నువ్వు నిలబడిన చోటే ఉంది. నిన్ను చూసి కూడా కోటు తడుస్తుందని రాలేదు. తప్పు నాది కృష్ణమూర్తీ, నీ చెవులది కాదు."

కాసేపటికి హైమావతిగారు చేట పక్కన పెట్టి, మొదటి నుంచి మళ్ళీ వెయ్యమంది. వేశాను. ఈసారి మిషను దగ్గరికి జరిగి, తల వంచి, ఆ వాన చప్పుడు మొత్తం వింది. నీ పిలుపు రాకముందే చెయ్యెత్తి ఆపమంది.

"ఏమీ వినబడలేదు కదండీ" అంది ఆయనతో.

ఆయన "లేదే" అన్నారు.

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళింది. మావయ్యా, వచ్చేటప్పుడు ఆవిడ చేతిలో మూడు టీ గ్లాసులున్నాయి. ఆయన ముందు ఒకటి పెట్టింది. ఆయన దాన్ని చాలాసేపు అలా పట్టుకుని, ఊదుకుంటూ, మొత్తం తాగారు. పంచదార ఎక్కువైందన్నారు.

నిన్ను క్షమించారా అని నన్ను అడగకు, నేను ఆయన్ని అడగలేదు. వచ్చేస్తుంటే, నీకు ఎప్పుడు ఉత్తరం రాస్తావని అడిగారు. రేపే అన్నాను. అయితే కాగితం ఇప్పుడే ఇవ్వమన్నారు. కోర్టు వాళ్ళు సమన్లు ఇస్తే అందినట్టు అడుగున సంతకం తీసుకుంటారు కదా అన్నారు. ఖాళీ కాగితం అడుగున రాసి ఇచ్చారు. ఆ కాగితం మీదే, దాని పైన, ఇదంతా నేను రాస్తున్నాను.

కషాయం తాగు. అత్తయ్యని అడిగానని చెప్పు.

సరయు


విన్నాను.
అడపా కృష్ణమూర్తి
13-10-2001